పాట, ఫొటో, లింకు: నచ్చినవి ఊరికే పంచుకోవాలంటే ఏ చోటు మేలు?

రాత్రిపూట యూట్యూబ్‌లో తిరుగుతుంటే ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించిన పాత రేడియో లలిత గీతం ఒకటి దొరుకుతుంది. ఆదివారం ఉప్పలపాడు వెళ్లి గూడబాతులకు తీసిన ఫొటో అనుకోకుండా బాగా వస్తుంది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఇంకేదో వెతుకుతుంటే తాతల నాటి వంటల పుస్తకం స్కాన్ కనబడుతుంది. ఈ మూడూ ఎవరికో ఒకరికి చూపించాలనిపిస్తుంది. ఎక్కడ చూపించాలన్నదే చిక్కు. స్టేటస్ పెడితే రేపటికి ఉండదు. ఫ్యామిలీ గ్రూపులో వేస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కొట్టుకుపోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడదామంటే లింకు పనిచేయదు. బ్లాగు మొదలెడదామంటే అంత రాసే ఓపిక ఉందో లేదో తెలియదు.

ఫాలోయర్లను పెంచుకుని సంపాదించాలనుకునే వాళ్లకు ఇక్కడ పనికొచ్చేది తక్కువ. నచ్చింది నలుగురికి చూపించి, కుదిరితే దాని గురించి నాలుగు మాటలు మాట్లాడుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ పోలిక.

## ముందు చూసుకోవాల్సినవి

మళ్లీ దొరుకుతుందా? చాలామంది మొదట అడిగేది ఎంతమంది చూస్తారని. నా మటుకు నేను ఇది ముందు చూస్తాను. ఆర్నెల్ల తర్వాత మీ బావమరిది ఫోన్ చేసి, "అప్పుడెప్పుడో పెట్టావే నాదస్వరం, ఆ లింకు పంపు బావా" అంటాడు. అప్పుడు మీకే అది దొరక్కపోతే పంచుకున్నదాంట్లో సగం పోయినట్టే. ఇష్టాలు పోగుపడే కొద్దీ వాటిని ఎక్కువగా వెతుక్కునేది మనమే.

ఎవరు చూస్తారు? ఇందులో రెండు సంగతులున్నాయి. మీరు చూపించాలనుకున్న వాళ్లు చూస్తారా అన్నది ఒకటి. మీరు అనుకోని వాళ్లు కూడా చూస్తారా, వాళ్లకు మీ ఫోన్ నంబర్ తెలిసిపోతుందా అన్నది రెండోది. రెండోదాన్ని మగవాళ్లు పెద్దగా పట్టించుకోరు. ఆడవాళ్లకు చాలాసార్లు మొదటి ప్రశ్న అదే.

సరుకు చెడకుండా చేరుతుందా? ఫొటో కుదించుకుపోవచ్చు, లింకు నొక్కితే తెరుచుకోకపోవచ్చు, పాట అవతలివాళ్ల ఫోన్లో లేని యాప్‌ను అడగవచ్చు. ఒకే చోటు మూడింటికీ బాగుండటం అరుదు.

అవతలివాళ్ల మీద బరువెంత? గ్రూపులో పెట్టింది అందరి ఫోన్లలోనూ మోగుతుంది. చూసి ఏమీ అనకపోతే బాగుండదేమోనని కొందరు మొహమాటానికి బొటనవేలు పెడతారు. స్టేటస్‌కు ఆ ఇబ్బంది లేదు, ఇష్టమైతే చూస్తారు, లేకపోతే లేదు.

మూటాముల్లె సర్దుకుని వెళ్లగలమా? గూగుల్ రీడర్ 2013లో, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. పాటల యాప్ వింక్ మ్యూజిక్, ట్విటర్ లాంటి కూ రెండూ 2024లో పోయాయి. లింకులు దాచుకునే పాకెట్ 2025 జులైలో ఆగిపోయింది. ఇప్పుడు వాడుతున్నదీ ఏదో ఒక రోజు పోతుందనుకుని, అందులోంచి మన సరుకు బయటికి తీసుకునే దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

## ఒక్క చూపులో

| చోటు | ఎంతకాలం ఉంటుంది | ఎవరు చూస్తారు | ఫొటో | లింకు | తర్వాత వెతకడం |
|---|---|---|---|---|---|
| వాట్సాప్ స్టేటస్ | 24 గంటలు | నంబర్ ఉన్నవాళ్లు | కుదించుకుపోతుంది | పనిచేస్తుంది | కుదరదు |
| వాట్సాప్ గ్రూపు | చాట్ ఉన్నంత కాలం | సభ్యులు, నంబర్లతో సహా | ఎచ్‌డీ పెడితే పర్లేదు | పనిచేస్తుంది | పేరు గుర్తుంటేనే |
| టెలిగ్రామ్ ఛానెల్ | తీసేసేదాకా | మీరు లింకు ఇచ్చినవాళ్లు, లేదా అందరూ | ఫైల్‌గా పంపితే ఒరిజినలే | పనిచేస్తుంది | సులువు |
| ఇన్‌స్టాగ్రామ్ | పోస్టు ఉంటుంది, స్టోరీ 24 గంటలు | ఫాలోయర్లు లేదా అందరూ | ఫోన్ తెరకు చాలు | స్టోరీ స్టిక్కర్‌లో, బయోలో మాత్రమే | కష్టం |
| ఫ్లికర్ | ఖాతా ఉన్నంత కాలం | ఫొటోకు ఒక్కో రకంగా పెట్టుకోవచ్చు | చాలా బాగు | వివరణలో పెట్టుకోవచ్చు | సులువు |
| సొంత బ్లాగు | మీరు నడిపినంత కాలం | అందరూ | బాగు | పనిచేస్తుంది | అన్నిటికన్నా సులువు |
| ఈమెయిల్ ఉత్తరం | అవతలివాళ్ల మెయిల్‌లో ఉంటుంది | చేరినవాళ్లు | పర్లేదు | పనిచేస్తుంది | సులువు |

పట్టికలో రానివి చాలా ఉన్నాయి, వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

## వాట్సాప్ స్టేటస్

తెలుగువాళ్లలో ఎక్కువమంది ఇప్పటికే పంచుకుంటున్న చోటు ఇదే. 2017లో ఈ 24 గంటల రూపం వచ్చినప్పటి నుంచి అమ్మమ్మలు కూడా దీనికి అలవాటుపడ్డారు. కొత్త యాప్ ఎక్కించుకోమని ఎవరినీ బతిమాలక్కర్లేదు. చూసినవాళ్లు నేరుగా మీ చాట్‌లోకి వచ్చి "ఇదెక్కడ తీశావ్?" అని అడుగుతారు. ఆ ఇద్దరి మధ్య మాట దీని బలం. గ్రూపులో నోరెత్తని మనిషి స్టేటస్‌కు జవాబిస్తాడు.

ఇబ్బంది కాంటాక్టుల లిస్టుతో వస్తుంది. మీ దగ్గర వాళ్ల నంబరు, వాళ్ల దగ్గర మీ నంబరు ఉంటే చాలు. అంటే మీ మేనేజరు, వియ్యపురాలు, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి, ఎప్పుడో ఇల్లు చూపించిన బ్రోకరు అందరూ మీ ప్రేక్షకులే. సిక్ లీవు పెట్టిన రోజు అమీన్‌పూర్ చెరువు ఫొటో పెట్టకూడదన్న సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. దీనికి మందు సెట్టింగుల్లోనే ఉంది. స్టేటస్ ప్రైవసీలో కొందరిని మినహాయించవచ్చు, లేదా ఎంచుకున్న వాళ్లకే చూపించవచ్చు. రెండోదే మంచిది. మినహాయింపుల లిస్టును ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి, కొత్త కాంటాక్టు చేరినప్పుడల్లా మర్చిపోతాం. ఎంచుకున్న ఇరవై ముప్పై మంది లిస్టు ఒకసారి తయారు చేసుకుంటే మళ్లీ దాని జోలికి వెళ్లక్కర్లేదు.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి ఇక్కడి వాళ్లకు చూపించాలనుకుంటే 24 గంటలు సరిపోతాయి, రెండు వైపులా ఒక పగలు వస్తుంది కాబట్టి. దాచుకోవాలనుకుంటే మాత్రం ఇది చోటే కాదు. నచ్చిన పాటలన్నీ స్టేటస్‌లోనే పెట్టేవాళ్లు, ఏం పెట్టారో ఏడాది తర్వాత వాళ్లకే చెప్పలేని పరిస్థితిలో ఉంటారు.

## వాట్సాప్ గ్రూపు, ఛానెల్

గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు, కానీ ఇష్టాలు పంచుకునే గ్రూపు పదిమంది దాటితే పాడవడం మొదలవుతుంది. పాటల గ్రూపులో ఎవరో ఒకరు రాజకీయం వేస్తారు, ఇంకొకరు పెళ్లి పిలుపు వేస్తారు. ఒకే పిచ్చి ఉన్న నలుగురైదుగురు ఉంటే మాత్రం దీన్ని మించింది లేదు. ఘంటసాల పద్యాల మీద వాదన అర్ధరాత్రి దాకా నడిచేది అలాంటి చిన్న గ్రూపుల్లోనే.

ఫొటోల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను బాగా కుదిస్తుంది. 2023లో వచ్చిన ఎచ్‌డీ బటన్ నొక్కితే కొంత మేలు. అసలు ఫైలే కావాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపినప్పుడు ఫొటో ఎక్కడ తీశారన్న జీపీఎస్ వివరం కూడా దాంతోపాటే వెళుతుంది. మామూలు పద్ధతిలో పంపితే ఆ వివరం తొలగిపోతుంది. ఇంటి డాబా మీద పిల్లల్ని తీసిన ఫొటోలకు ఈ తేడా ముఖ్యం.

బ్రాడ్‌కాస్ట్ లిస్టు అనే పాత సదుపాయం ఒకటుంది, ఇప్పుడు ఎవరూ పెద్దగా తలుచుకోరు. 256 మంది దాకా ఒకేసారి పంపవచ్చు, జవాబులు విడివిడిగా వస్తాయి, ఒకరి నంబరు ఇంకొకరికి తెలియదు. మీ నంబరు సేవ్ చేసుకున్న వాళ్లకే చేరుతుందన్నది దీని షరతు. అది ఒకరకంగా మంచిదే. అడగనివాళ్లను విసిగించే పని ఉండదు.

వాట్సాప్ ఛానెల్ మన దేశంలోకి 2023 సెప్టెంబరులో వచ్చింది. మీ నంబరు ఫాలోయర్లకు కనబడదు. కానీ అది బహిరంగం, ఎవరైనా వెతికి చేరవచ్చు, వాళ్ల నుంచి మీకొచ్చేది ఎక్కువగా ఎమోజీలే. వార్తాపత్రికలకు, సినిమా తారలకు బాగుంటుంది. మన ఇష్టాలకు నాకైతే చలిచలిగా అనిపించింది.

## టెలిగ్రామ్ ఛానెల్

మన దగ్గర టెలిగ్రామ్ అనగానే పైరసీ సినిమాలు గుర్తొస్తాయి. దాంతో ఇంట్లో పెద్దవాళ్లకు ఈ యాప్ మీద అనుమానం, చాలామంది ఫోన్లలో అసలు ఉండదు కూడా. ఈ ఒక్క అడ్డంకిని దాటగలిగితే పాట, ఫొటో, లింకు మూడూ కలిపి పెట్టడానికి ఉచితంగా దొరికే వాటిలో ఇదే ముందుంటుంది.

పెట్టింది పెట్టినట్టు వరసగా ఉంటుంది, మధ్యలో ఎవరి రాజకీయమూ ఎవరి పెళ్లీ దూరదు. ఫొటోను ఫైల్‌గా పంపితే ఒక్క పిక్సెల్ తగ్గకుండా చేరుతుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా ఉండవచ్చు. మీరే పాడి రికార్డు చేసుకున్న ఆడియోలు వేస్తే యాప్‌లోనే ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. చేరినవాళ్లకు మీ నంబరు గానీ, తోటి సభ్యులు ఎవరన్నది గానీ కనబడదు. ప్రైవేటుగా పెట్టుకుంటే మీరిచ్చిన లింకు ఉన్నవాళ్లే చేరగలరు. పబ్లిక్‌గా పెట్టుకుంటే యాప్ లేనివాళ్లు కూడా బ్రౌజర్లో చదువుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. చర్చ కావాలంటే ఒక గ్రూపును జత చేస్తే ప్రతి పోస్టు కింద వ్యాఖ్యలు వస్తాయి.

వెతకడం విషయంలో తెలుగువాళ్లకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఒక రోజు పాట పేరు తెలుగులో రాస్తాం, ఇంకో రోజు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాం, అందులోనూ దీర్ఘానికి ఒకసారి ఒక అక్షరం, మరోసారి రెండు. తర్వాత ఎలా వెతికినా సగం దొరకవు. ఏదో ఒక లిపికి కట్టుబడి, ప్రతి పోస్టుకూ ఒకే రకం హ్యాష్‌టాగులు నాలుగైదు పెట్టుకుంటే ఈ గోల తప్పుతుంది: #lalitageetam, #pakshulu, #patapustakam లాంటివి. గొప్ప పద్ధతేమీ కాదు గానీ వందో పోస్టు దగ్గర దీని విలువ తెలుస్తుంది.

లోపం కూడా చెప్పాలి. కొత్తవాళ్లు మీ ఛానెల్‌ను వాళ్లంతట వాళ్లు కనుక్కోవడం దాదాపు జరగదు. మీరే చెప్పాలి, మీరే లింకు పంపాలి. వినేవాళ్లు పన్నెండు మంది అయితే ఏళ్ల తరబడి పన్నెండు మందే ఉంటారు. అది సమస్య అనిపించేవాళ్లు కింద ఉన్నవి చూడండి.

## ఇన్‌స్టాగ్రామ్, కాస్త ఫేస్‌బుక్

ఫొటోల కోసం 2010లో పుట్టిన యాప్ ఇప్పుడు ముఖ్యంగా రీల్స్ కోసం నడుస్తోంది. నిలకడగా ఉన్న ఒక్క ఫొటో పెడితే మీ స్నేహితులకైనా చూపిస్తుందో లేదో దాని ఇష్టం. అయినా వదిలేయలేం, ముప్పై ఏళ్ల లోపు వాళ్లు అక్కడే ఉన్నారు కాబట్టి.

ఫొటో 1,080 పిక్సెళ్ల వెడల్పుకు కుదించుకుంటుంది, ఫోన్లో చూడటానికి అది చాలు. అడ్డంగా తీసిన ప్రకృతి దృశ్యాలు మాత్రం చిన్నబోతాయి. లంబసింగి మంచును అడ్డంగా తీసి ఇక్కడ పెడితే తెర మధ్యలో సన్నటి పట్టీలా కనబడుతుంది. నిలువు ఫొటోలు తీసేవాళ్లకే ఇది కలిసొస్తుంది. ఒక పోస్టులో 20 ఫొటోల దాకా పెట్టవచ్చు కనుక ఒక ప్రయాణం మొత్తం ఒకేచోట సర్దవచ్చు.

లింకుల సంగతి ఘోరం. ఫొటో కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. 2021 నుంచి స్టోరీలో లింకు స్టిక్కర్ అందరికీ ఇచ్చారు, అది 24 గంటలే. హైలైట్స్‌లో పెట్టుకుంటే నిలుస్తుంది గానీ వంద లింకులను హైలైట్స్‌లో వెతకడం ఎవరివల్లా కాదు. వెబ్‌లో కనుక్కున్నవి పంచుకోవడమే మీ సరదా అయితే ఇటు రాకండి.

బాగున్నది క్లోజ్ ఫ్రెండ్స్ లిస్టు. స్టోరీని పదిమందికే చూపించవచ్చు, లిస్టులోంచి తీసేస్తే వాళ్లకు కబురు వెళ్లదు. వాట్సాప్ స్టేటస్‌లో బంధువుల ఇబ్బంది ఉన్న కాలేజీ పిల్లలు దీన్ని ఎందుకు వాడుతున్నారో అర్థమవుతుంది.

ఫేస్‌బుక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నలభై దాటినవాళ్లు, ఊరి స్నేహితులు, పాత బ్యాచ్‌మేట్లు అక్కడ దొరుకుతారు, తెలుగులో నాలుగు పేరాలు రాసినా చదివేవాళ్లు ఇంకా ఉన్నారు. పాత పోస్టును అదే తేదీకి మళ్లీ చూపించే మెమరీస్ మంచిది. మీ ప్రపంచం ఇప్పటికే అక్కడ ఉంటే కొనసాగించండి. కొత్తగా వెళ్లాల్సిన పని లేదు.

## ఫ్లికర్, గూగుల్ ఫొటోస్, వికీమీడియా కామన్స్

ఈ మూడూ ఫొటోలవే గానీ మూడూ మూడు పనులకు.

గూగుల్ ఫొటోస్ ఆల్బమ్ లింకు ఇంటివాళ్లకు సరిగ్గా సరిపోతుంది. పెళ్లి, గృహప్రవేశం, తిరుపతి యాత్ర ఫొటోలు అందులో వేసి లింకు పంపితే చూసేవాళ్లకు ఖాతా కూడా అక్కర్లేదు. 2021 జూన్ నుంచి ఉచిత చోటు జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీయే. పెద్ద కెమెరా ఉన్నవాళ్లకు అది ఎక్కువకాలం రాదు. లింకు పంపే ముందు ఆల్బమ్ సెట్టింగుల్లో లొకేషన్ చూపించే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఫ్లికర్ 2004 నాటిది. యాహూ చేతిలో ఏళ్లపాటు మగ్గి, 2018లో స్మగ్‌మగ్ చేతికి వచ్చింది. ఉచిత ఖాతాకు 1,000 ఫొటోలు పరిమితి, అందులో 50 మాత్రమే ప్రైవేటుగా పెట్టుకోవచ్చు. ఈ పరిమితి చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు, నాకైతే అదే మేలనిపిస్తుంది. వెయ్యి అని తెలిస్తే ఒకే కొంగవి ఎనభై ఫొటోలు ఎక్కించరు. ఏ లెన్సు, ఎంత షట్టర్, ఎంత ఐఎస్ఓ అన్న వివరాలు ఫొటో పక్కనే కనబడతాయి. కెమెరా పట్టుకుని నేర్చుకుంటున్న వాళ్లకు అది పాఠం లాంటిది. పక్షుల మీద, గుళ్ల మీద ఉన్న గ్రూపుల్లో చూసి మాట్లాడేవాళ్లు తక్కువే, కానీ వాళ్లు నిజంగా చూసి మాట్లాడతారు. మన ఊళ్లో మిత్రులెవరూ అక్కడ ఉండరు, ఆ ఒంటరితనానికి సిద్ధపడాలి.

వికీపీడియా వ్యాసాలకు వాడే ఫొటోలుండే వికీమీడియా కామన్స్‌ను ఈ లిస్టులో ఎవరూ చేర్చరు, నేను చేరుస్తున్నాను. మీ ఫొటోల్లో ఊరి గుడులు, పాత కోటలు, చెరువులు, సంతలు ఎక్కువగా ఉంటే అక్కడ పెట్టండి. తెలుగు వికీపీడియాలో వేల గ్రామాల వ్యాసాలున్నాయి, వాటిలో చాలావాటికి సరైన ఫొటో ఒక్కటీ లేదు. మీ ఫొటో అక్కడికి చేరితే ఏళ్ల తరబడి జనం చూస్తారు. కానీ అక్కడ పెట్టిన ఫొటోను మీ పేరు చెప్పి, లైసెన్సు షరతులు పాటించి, ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోలేరు. ఇంటి మనుషుల ఫొటోలకు అది చోటు కాదు.

## సొంత బ్లాగు, ఈమెయిల్ ఉత్తరం

కూడలి, జల్లెడ, మాలిక, హారం లాంటి సంకలినులు (బ్లాగుల్లోని కొత్త రాతలను ఒకచోట చూపించే సైట్లు) నడిచిన రోజుల్లో తెలుగులో టపా, అంటే బ్లాగు పోస్టు, రాస్తే గంటలో వ్యాఖ్యలు వచ్చేవి. ఆ సందడి ఇప్పుడు లేదు. "బ్లాగులు ఇంకా ఎవరు చదువుతారు?" అని అడిగేవాళ్లు అది గుర్తుండే అడుగుతారు. నిజమే, రాసిన రోజు ఎవరూ చదవకపోవచ్చు. బ్లాగుకు పాఠకులు వచ్చేది తర్వాత, గూగుల్‌లో వెతుక్కుంటూ. ఫలానా వాగ్గేయకారుడి కీర్తన ఎవరెవరు పాడారని వెతికేవాళ్లకు మీరు మూడేళ్ల కింద రాసిన పది వాక్యాలే దిక్కు కావచ్చు, ఎందుకంటే తెలుగులో ఆ విషయం మీద ఇంకెవరూ రాసి ఉండరు.

బ్లాగర్ 1999 నుంచి ఉంది, 2003లో గూగుల్ కొన్నది, ఇప్పటికీ ఉచితమే. గూగుల్‌కు మూసేసే అలవాటు ఉంది కాబట్టి ఏడాదికోసారి బ్యాకప్ దించుకోండి. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత ఖాతాలో ప్రకటనలు కనబడతాయి, చోటు కూడా తక్కువ, ఫొటోలు ఎక్కువగా పెట్టేవాళ్లకు ఇరుకవుతుంది. ఏడాదికి కొన్ని వందలు పెట్టి సొంత డొమైన్ కొనుక్కుంటే రేపు ఎటు మారినా మీ చిరునామా మారదు.

బ్లాగు అనగానే వెయ్యి పదాల వ్యాసం రాయాలన్న భయం ఒకటి పట్టుకుంటుంది. అదే చాలామందిని ఆపుతుంది. ఒక ఫొటో, కింద రెండు వాక్యాలు అయినా టపాయే. "ఈ వారం విన్నవి" అని ఐదు లింకులు, ఒక్కోదానికి ఒక ముక్క రాసినా టపాయే.

ఈమెయిల్ ఉత్తరం దీనికి తమ్ముడు. సబ్‌స్టాక్ లాంటి చోట ఉచితంగా మొదలుపెట్టవచ్చు. చేరినవాళ్ల మెయిల్ ఐడీల లిస్టు మీ చేతికే వస్తుంది, ఇది మిగతా ఎక్కడా దొరకని సుఖం. కానీ మన వాళ్లలో జీమెయిల్‌ను ఓటీపీలకు, బిల్లులకు తప్ప తెరవని వాళ్లు చాలామంది. ఉద్యోగరీత్యా రోజంతా మెయిల్ ముందు కూర్చునే స్నేహితులు ఉంటేనే ఇది నడుస్తుంది. నెలకో ఉత్తరం చాలు.

## సరుకును బట్టి కొన్ని కిటుకులు

పాటల్లో మొదటి గొడవ యాప్. మీరు స్పాటిఫై లింకు పంపుతారు, అవతల జియోసావన్ ఉంటుంది. యూట్యూబ్ లింకు అందరి దగ్గరా తెరుచుకుంటుంది కనుక పదిమందికి పంపేటప్పుడు అదే మేలు. ప్లేలిస్టు చేస్తే అన్‌లిస్టెడ్‌గా పెట్టండి, లింకు ఉన్నవాళ్లే చూస్తారు. ఒకే యాప్ వాడే ఇద్దరు ముగ్గురు ఉంటే స్పాటిఫైలో అందరూ కలిసి పాటలు చేర్చుకునే ప్లేలిస్టు సరదాగా ఉంటుంది.

యూట్యూబ్‌తో రెండో గొడవ, పాత పాటలు తరచూ మాయమవుతాయి. ఎవరో ఎక్కించిన వీడియో తీసేస్తే మీ ప్లేలిస్టులో దాని పేరు కూడా మిగలదు. ఏ పాట పోయిందో కూడా తెలియదు. అందుకే లింకు పక్కన పాట మొదటి మాటలు, పాడినవాళ్లు, రాసినవాళ్లు, తెలిస్తే ఏ రేడియో కేంద్రానిదో రాసి పెట్టండి. విజయవాడ ఆకాశవాణి పాత రికార్డింగుల్లాంటి వాటికి ఆ ఒక్క వాక్యమే ఆనవాలు.

లింకు బదులు ఎంపీత్రీ ఫైలే పంపుదామా? మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులుంటాయి. పాట రాసినవాళ్ల, స్వరం కట్టినవాళ్ల హక్కులు వేరుగా, వాళ్లు పోయిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు నడుస్తాయి. అందుకని పాత పాట అయినంత మాత్రాన పబ్లిక్ ఛానెల్లో ఫైలు పెట్టేయకండి. లింకు ఇవ్వండి.

ఫొటోల్లో పక్షులు తీసేవాళ్లకు ఒక మాట. ఉప్పలపాడు, నేలపట్టు లాంటి అందరికీ తెలిసిన చోట్ల సంగతి వేరు. ఊరి బయట ఏ చెట్టు మీదో గూడు కనబడితే దాని జీపీఎస్ వివరం తీసేసి పంచుకోండి, జిల్లా పేరు చెబితే చాలు. వారంలో పది కెమెరాలు ఆ చెట్టు కింద వాలితే పక్షి గూడు వదిలేసి వెళ్లిపోవచ్చు.

వెబ్‌లో కనుక్కున్నవాటికి లింకుతోపాటు అది ఎందుకు నచ్చిందో ఒక వాక్యం తప్పనిసరి. ఉత్త లింకు ఎవరూ తెరవరు, ఈ రోజుల్లో మోసం లింకేమోనన్న భయం కూడా ఉంది. "1998 నుంచి నడుస్తున్న ఈమాట పత్రికలో పాత రేడియో ఆడియోలున్నాయి, అందులో ఇది వినండి" అంటే తెరుస్తారు. పేజీ పోతుందేమో అనిపిస్తే వెబ్ పేజీల కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో ఒక కాపీ దాచి ఆ లింకు కూడా ఇవ్వండి.

## మీరు ఎవరైతే ఏది

సరుకు తక్కువ, అప్పుడప్పుడే పంచుకునేవాళ్లు: ఎంచుకున్న పాతికమందికి వాట్సాప్ స్టేటస్. ఇంకేమీ వద్దు.

రోజుకొకటి దొరికేవాళ్లు: మీ స్నేహితుల్ని కాపాడటానికైనా టెలిగ్రామ్ ఛానెల్ పెట్టండి. వారానికోసారి అందులోంచి మంచిదొకటి స్టేటస్‌లో వేయండి, నచ్చినవాళ్లు ఛానెల్‌కు వస్తారు. దాచుకునేది ఒకచోట, మాట్లాడుకునేది ఇంకోచోట అన్న ఈ ఏర్పాటుకే నా ఓటు.

కెమెరా కొన్నవాళ్లు: మంచివి ఫ్లికర్‌లో, మెచ్చుకోలు కావాలంటే నిలువువి ఇన్‌స్టాగ్రామ్‌లో, ఊరివి కామన్స్‌లో, ఇంటివి గూగుల్ ఆల్బమ్‌లో. నాలుగు చోట్లు ఎక్కువనిపిస్తే మొదటిది, చివరిది చాలు.

నంబరు, మొహం బయటపడటం ఇష్టం లేనివాళ్లు: మారుపేరుతో బ్లాగు లేదా టెలిగ్రామ్ ఛానెల్. ఇన్‌స్టాగ్రామ్‌లో మారుపేరు పెట్టినా, కాంటాక్టుల ద్వారా తెలిసినవాళ్లకు ఆ యాప్ మీ ఖాతాను సూచించే ప్రమాదం ఉంది. ఆ ఆప్షన్‌ను ఆపేసుకోవాలి.

విదేశాల్లో ఉండి పిల్లలకు తెలుగు పాటలు వినిపించాలనుకునేవాళ్లు: అన్‌లిస్టెడ్ యూట్యూబ్ ప్లేలిస్టు, పక్కన ఒక చిన్న ఫ్యామిలీ గ్రూపు. తాతయ్యలూ అమ్మమ్మలూ అందులోనే వాయిస్ మెసేజ్‌లో పాట వెనక కథ చెబుతారు.

రాయడం ఇష్టమైనా మొదలుపెట్టలేనివాళ్లు: ఒక ప్రైవేటు టెలిగ్రామ్ ఛానెల్ తెరిచి, ఎవరినీ చేర్చకుండా మీ కోసం మీరే వేసుకోండి. నెల తర్వాత కూడా వేసుకోవాలనిపిస్తుంటే అప్పుడు లింకు ఒక్కరికి పంపండి.